పోడు చేనులో మూడో ఏటి జొన్న

మొన్న చౌటుప్పల్ దగ్గర, హైవే పక్కన కొత్తగా వెలసిన పూలమొక్కల తోటలో మా కోడలు గులాబీ కుండీల కోసం మట్టి బస్తా బేరమాడుతుంటే, నేను ఊరికే నిలబడలేక ఆ బస్తా మూతి విప్పి చెయ్యి లోపలికి పెట్టాను. బస్తా మీద ఎర్ర రంగుతో "అసలైన అడవి మట్టి" అని రాసి ఉంది. అసలైనది అని ఎవరైనా పనిగట్టుకుని రాశారంటే నాకు అక్కడే అనుమానం పుడుతుంది. పిడికెడు తీసి నలిపితే వేళ్ళకు నలుపు అంటింది కాని, వానకు తడిసిన ఆకుల వాసన రాలేదు. ఒక చేతిలో ఆ మట్టి, రెండో చేతిలో తోట బాటమీది ఎర్రమట్టి పట్టుకుని చూస్తే రెండు చేతులూ ఒకే తీరుగా కిందికి లాగాయి. అడవి మట్టి అట్లా లాగదు. ఇది బొగ్గుపొడి కలిపిన చెలక మట్టి అని నాకు తేలిపోయింది.

"ఏందమ్మా, బంగారం తూసినట్టు తూస్తున్నవ్?" అన్నాడు అమ్మే పిల్లగాడు.

"బంగారమైతె గింత అనుమానం రాకపోవు కొడుకా" అన్నాను.

కోడలికి సిగ్గేసి నన్ను ఆటో ఎక్కించింది. ఇంటికి వచ్చాక చేతులు కడుక్కున్నాను కాని, ముప్పై ఏళ్ళ వెనకటి ఒక మట్టి బరువు మాత్రం అరచేతిలోనే ఉండిపోయింది. మన ఈడు వాళ్ళు, అందులోనూ అడవి అంచున పుట్టినవాళ్ళు, ఈ మాట వింటే నవ్వరనే నమ్మకంతో రాస్తున్నాను.

మాది అచ్చంపేట దిక్కు, నల్లమల అంచు. ఊరి చుట్టూ చెలకలు, వానను నమ్ముకున్న సేద్యం, దాంతోపాటు ఒక గొర్ల మంద. నేను బడి మొహం చూసినదాన్ని కాదు. సాయంత్రం గొర్లు దొడ్డికి తిరిగివస్తుంటే చింతగింజలు పక్కకు వేస్తూ లెక్కపెట్టడం, ఉన్ని కత్తిరించిన రోజున తక్కెడ పట్టడం, కల్లంలో గింజలు కొలవడం, ఇవే నా చదువు. కొలిచేటప్పుడు మొదటి మానికను ఒకటి అనకుండా "లాభం" అని, తర్వాత రెండు, మూడు అని సాగే మన పెద్దల అలవాటు మీకు గుర్తుండే ఉంటుంది. నాకది చిన్నప్పటినుంచీ మింగుడుపడేది కాదు. లాభమో నష్టమో చివరి మానిక పడేదాకా ఎట్లా తెలుస్తుందని నా అనుమానం. అట్లా అడిగినందుకు అవ్వ, అంటే మా బాపును కన్నతల్లి, నన్ను కల్లంలోంచి తరిమిన రోజులున్నాయి. అక్షరాలు తర్వాతెప్పుడో, పెళ్ళై పిల్లలు పుట్టాక, వాళ్ళ పలకల మీద చూసి నేర్చుకున్నాను. లెక్క మాత్రం అంతకుముందే వచ్చింది, అనుమానంతో పాటే వచ్చింది.

అక్కను మా ఊరికి నాలుగు కోసుల ఎగువన, అడవిని ఆనుకుని ఉన్న చిన్న పల్లెకు ఇచ్చారు. బావకు భూమి తక్కువ, రెక్కల కష్టం ఎక్కువ. యాభైలు పోయి అరవైలు వస్తున్న ఆ రోజుల్లో, అడవి కొట్టుకున్నవాడిదే భూమి అనే మాట అంచు పల్లెలన్నిటా తిరుగుతూ ఉండేది. ఆ మాట నిజమో కాదో ఎవరూ తేల్చుకోలేదు, గొడ్డళ్ళు మాత్రం నూరుకున్నారు. బావ తన పల్లె పక్కన ఒక ఏటవాలు చూసుకున్నాడు. బాపు ఎడ్లు, విత్తనం, తిండిగింజలు ఇవ్వాలి, బావ కష్టం పెట్టాలి, పండిన గింజా చొప్పా చెరి సగం. మామా అల్లుళ్ళ మధ్య ఒప్పందం కాబట్టి సాక్షులు లేరు. సాక్షులు లేరన్న సంగతి అప్పుడే నాకు ముల్లులా తగిలింది కాని, పెళ్ళికాని ఆడపిల్ల మాట ఎవరు పట్టించుకుంటారు?

మాఘంలో చెట్లు కొట్టారు. చైత్రమంతా ఎండనిచ్చి, వైశాఖం చివర్లో నిప్పు పెట్టారు. చూడటానికి మమ్మల్నందర్నీ బండిలో తీసుకుపోయారు, జాతరకు పోయినట్టు. కొమ్మలూ రెమ్మలూ ఎక్కడివక్కడ ఏటవాలంతా భగ్గుమని ఒక్క పూటలో అయిపోయాయి. లావు మొద్దుల్ని మాత్రం అంతకుముందే కిందికి దొర్లించి బండిబాట పక్కన వరసగా పేర్చారు. పనికొచ్చే కలప ఏరుకుని మిగతావాటికి నిప్పంటిస్తే అవి రోజుల తరబడి కాలుతూనే ఉన్నాయి. ఆ తర్వాత చూస్తే బాట వెంబడి మోకాటిలోతు బూడిద, పైన ఏటవాలంతా పలుచగా చల్లినట్టున్న బూడిద. బాపు ఆ తెల్లటి నేలను చూసి మురిసిపోయాడు. అవ్వ మాత్రం బండి దిగకుండానే మూతి తిప్పింది.

"కాల్సిన జాగల పంట చేబదులు బియ్యమసొంటిది బిడ్డా. వండేటప్పుడే సంబురం" అంది.

మృగశిర వానకు ఆ ఏడు దున్నకుండానే, మోళ్ళ సందుల్లో కర్రతో పొడిచి జొన్నగింజ వేశారు. అట్లాంటి జొన్నను నేను మళ్ళీ చూడలేదు. మనిషి చెయ్యెత్తినా అందని దంట్లు, పసిబిడ్డ తలకాయంత కంకులు. కల్లం మీద కుప్ప చూసి చుట్టుపక్కల పల్లెలవాళ్ళు కూడా మర్నాడే గొడ్డళ్ళు పట్టుకున్నారు. రెండో ఏడు బావ మోళ్ళు పెకలించి నాగలి కట్టాడు. పంట తగ్గింది, మూడో వంతు తగ్గిందని నా లెక్క, వాన వెనకపట్టు పట్టిందని అందరి లెక్క. ఆ ఏడాదే బావ ఒక మాట అడిగాడు: మన గొర్ల మందను కొన్ని రాత్రులు ఆ చేనులో పడుకోబెట్టమని. మంద పడుకుంటే ఎరువు పడుతుంది, అది మన దగ్గర ప్రతి రైతుకూ తెలిసిన పద్ధతే. బాపు నవ్వేశాడు. బూడిద తిన్న నేలకు పెంట ఎందుకన్నాడు. అడవి పక్కన మందను పెడితే చిరుతపులి ఎత్తుకపోతుందని కూడా అన్నాడు. బావ మళ్ళీ అడగలేదు.

మూడో ఏటితో అసలు కథ మొదలైంది. ఇక్కడ మా ఇంటి పట్టింపు ఒకటి చెప్పాలి. కంకి గింజ పట్టిన తర్వాత ఇంటి పెద్ద చేనులోపలికి అడుగు పెట్టకూడదు, పెడితే పంటకు దిష్టి తగులుతుందని మా తాతల నాటినుంచీ ఉంది. అందుకని బాపు ఏ చేనునైనా గట్టు మీది నుంచే చూసి అందాజ కట్టేవాడు. సొంత ఊరి చెలకల్లో ఆయన అందాజ తప్పడం నేనెరుగను. చేను ఇంచుమించు అంతా ఒకే మట్టం, ఒకే మన్ను కాబట్టి అంచు చూస్తే నడిమి తెలిసిపోయేది. ఆ అలవాటుతోనే ఆశ్వయుజంలో బావ పల్లెకు పోయి, బండిబాట మీద నిలబడి ఏటవాలు చేను చూశాడు. ఎదురుగా మొదటి ఏటి లాంటి జొన్నే నిలబడి ఉంది. పంట దివ్యంగా ఉందని ఇంటికొచ్చి చెప్పి, గొర్లను తోలుకుని కృష్ణ ఒడ్డుకు మేపుకు వెళ్ళిపోయాడు. కోతకూ నూర్పిడికీ లేడు. తిరిగొచ్చేసరికి బావ పంపిన మా పాలు గింజ ఇంట్లో ఉంది. నేను కొలిచాను. బాపు కట్టిన అందాజలో సగం కూడా లేదు.

బాపు ఆ పూట అన్నం తినలేదు. మర్నాడు గుచ్చి గుచ్చి అడగడం మొదలుపెట్టాడు. పంటకు కాపలా మంచె మీద ఎవరు పడుకున్నారు? బావ ఒక్కడే. నూర్చింది ఎవరు? బావ, అక్క, వాళ్ళ పాలివాళ్ళు. కొలిచింది ఎవరు? బావే. ఆ వారంలోనే అక్క పుట్టింటికి వచ్చింది. ఆమెకు అప్పుడు ఐదో నెల. చెవులకు కొత్త గంటీలు తళతళలాడుతున్నాయి.

"గంటీలు యాడివే?" అంది అవ్వ, గడప దాటనివ్వకముందే.

"మేకపిల్లల్ని అమ్మి చేపిచ్చిండు అవ్వా."

"మేకలకు గూడ జొన్నకంకులె కాసినట్టున్నయ్ ఈ యేడు."

అక్క ముఖం నల్లబడింది. బాపు అవ్వను ఆపలేదు. అక్క ఆ రాత్రి ఉండకుండా వచ్చిన బండిలోనే తిరిగిపోయింది. ఆ మాట ఆమెతో పాటు బావ పల్లెకూ పోయింది. అక్కడినుంచి మనిషి వచ్చాడు. అనుమానముంటే నలుగురిలో చెప్పమన్నాడు బావ. బాపు నలుగురిలోనే చెప్పాడు. దొంగతనం చెయ్యలేదంటే మాఘ అమావాస్యకు ఆలంపూరు వచ్చి, తుంగభద్రలో మునిగి, తడిబట్టలతో జోగులాంబ ముందర ప్రమాణం చెయ్యమన్నాడు. బావ ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూ ఒక షరతు పెట్టాడు: ప్రమాణం చేసిన తర్వాత తానుగాని తన భార్యగాని ఈ గడప తొక్కరు, పురుడు కూడా తన ఇంట్లోనే.

అమ్మ ఆ మాట విని పొయ్యి ముందు కూలబడిపోయింది. తొలిచూలు పురుడు పుట్టింట్లో కాకపోతే ఆ ఆడపిల్లకు పుట్టిల్లు లేనట్టే గదా. మా ఇంట్లో నేనూ అక్కా ఇద్దరమే. అమావాస్యకు నెల రోజులు కూడా లేదు.

నా సంగతి చెప్పాలంటే, నేను ఎవరి పక్షమూ కాదు. బావ మీద అనుమానం, పాలివాళ్ళ మీద అనుమానం, బాపు అందాజ మీద కూడా అనుమానం. అయితే గింజను పక్కనబెట్టి చొప్ప లెక్క చూసినప్పుడు ఒక సంగతి తగిలింది. మా పాలు చొప్ప కట్టలు కూడా అంతకుముందు ఏటికంటే తగ్గాయి, సరిగ్గా గింజ తగ్గిన తీరుగానే తగ్గాయి. గింజ దొంగిలించేవాడు కంకి కోసుకుపోతాడు, దంటును ఎందుకు మోసుకుపోతాడు? చొప్ప దాచడం గింజ దాచినంత సులువు కాదు, వామి వేస్తే ఊరంతా కనబడుతుంది. ఇదే బాపుతో అన్నాను.

"దొంగకు నీకున్నంత తెలివి ఉండదా?" అన్నాడు. "చొప్ప గూడ దాసిండు. పాతర ఏసి ఉంటడు గింజ. నువ్వే పోయి సూసిరా, లెక్కలు తెలిసినదానివి గదా."

పాతర అంటే జొన్నలు నిలవచేసే గొయ్యి. నేల తవ్వి, గడ్డి పరిచి, గింజ పోసి పైన మన్ను కప్పేస్తే తెలిసినవాడికి తప్ప కనబడదు. అక్కను చూసే నెపంతో నన్ను బండి ఎక్కించారు. ఒడిలో నువ్వుల ముద్దలు, మనసులో పాతర.

అక్క నన్ను చూసి సంతోషించిందో, భయపడిందో తెలియలేదు. అన్నం పెట్టింది, మాట పెట్టలేదు. నేను ఒక కలుపుదీసే కురుపీ అడిగి తీసుకుని చేనుకు పోయాను. కోత అయిపోయి కొయ్యకాళ్ళు మాత్రం నిలబడి ఉన్నాయి. బండిబాట పక్కన కొయ్యకాళ్ళు నా బొటనవేలంత లావు. ఇంత లావు దంటుకు ఎంత కంకి ఉండాలో నాకు తెలుసు కాబట్టి, బాపు చెప్పిందే నిజమని అక్కడ నిలబడ్డప్పుడు నాకూ అనిపించింది. పైకి నడిచాను. కొద్ది దూరం పోయేసరికి కొయ్యకాళ్ళు చిటికెనవేలంత అయ్యాయి. ఏటవాలు నడిమికి వచ్చేసరికి చీపురుపుల్లలంత. పై అంచున, అడవి మొదలయ్యే చోటికి దగ్గరలో, మొలిచి ఎండిపోయిన గుంటలే ఎక్కువ. లావు మొద్దులు కాల్చిన బూడిదంతా బాట పక్కనే ఉంది. మూడేళ్ళ వానలకు పైనున్న మెత్తని నల్లమన్ను కూడా జారి అక్కడికే చేరింది. బాపు నిలబడిన చోటునుంచి చేనంతా నిండుగా కనబడకుండా ఎట్లా ఉంటుంది? ముందున్న ఎత్తు జొన్న వెనకాల ఉన్నదాన్ని కప్పేసింది.

కాని కంటికి కనబడినదాన్ని కూడా నేను వెంటనే నమ్మను. కురుపీతో పై అంచున తవ్వాను. ఎర్రగా, గట్టిగా, గులకరాళ్ళతో వచ్చింది. హద్దు దాటి కాలని అడవిలో చెట్టుకింద తవ్వాను. కురుపీ ఆనించకముందే దిగిపోయింది, నల్లటి ముద్ద, అందులో సగం కుళ్ళిన ఆకులు, వేళ్ళు, పురుగులు. అట్లా మూడో చోట బాట పక్కన తవ్వుతుంటే వెనకనుంచి బావ గొంతు వినబడింది.

"ఏం మరదలా, దొరికిందా పాతర?"

"పాతర గాదు బావా, మన్ను జూస్తున్న."

"అట్లనా. మన్ను గూడ నేనే దొంగిలిచ్చిన్నని జెప్పమన్నడా మీ బాపు?"

"దొంగిలిచ్చినట్టే ఉన్నది. పైన మన్నె లేదు."

బావ నవ్వబోయి ఆగిపోయాడు. చాలాసేపు నా చేతిలోని మట్టినీ, పై అంచునూ మార్చి మార్చి చూశాడు. తర్వాత తన తలపాగ గుడ్డ విప్పి నాకిచ్చాడు, మూటలు కట్టుకొమ్మని. "నేనిచ్చిన గుడ్డల కట్టినవని మీ బాపుకు చెప్పకు, అందుల ఏం గలిపిండో అంటడు" అన్నాడు. అతనికీ మా బాపు బాగానే అర్థమయ్యాడు.

ఇంటికొచ్చి మూడు మన్నులూ చాటల్లో ఎండబెట్టాను, తడి బరువు కలవకుండా. ఎండినంక ఉన్ని తూచే తక్కెడ తెచ్చాను. ఒక చిప్పలో చేను పై అంచు మన్ను ఒక మానిక, రెండో చిప్పలో అడవి మన్ను ఒక మానిక. అడవి మన్ను చిప్ప గాల్లోకి లేచిపోయింది. సమానం చెయ్యడానికి మానికన్నర దాకా పోయాల్సి వచ్చింది. బాపు గోడకానుకుని చూస్తున్నాడు.

"అది వదులుగ పోసినవ్, ఇది అదిమి పోసినవ్" అన్నాడు.

"అయితె నువ్వె పొయ్యి."

పోశాడు. రెండూ అదిమాడు, రెండూ వదులుగా పోశాడు, చిప్పలు మార్చాడు, తక్కెడ పట్టిన నా చెయ్యి మార్పించి అమ్మ చేతికిచ్చాడు. చివరికి మానికను తిరగేసి అడుగున ఏమైనా అంటుకుందేమో గోరుతో గీకి చూశాడు. నా అనుమానం ఎవరి పోలికో ఆ రోజు నాకు తెలిసింది. ఎట్లా పోసినా అడవి మన్నే తేలిక. ఆ తర్వాత అడుగు చిల్లిపడ్డ పాత కుండలు మూడు తెచ్చి, ఒక్కో దాంట్లో ఒక్కో మన్ను పోసి, చెంబు చెంబు నీళ్ళు పోశాను. అడవి మన్ను నీళ్ళన్నీ తాగేసి చుక్కచుక్కగా కొద్దిగా విడిచింది. చేను పై మన్ను మీద నీళ్ళు కాసేపు నిలబడి, ఆ తర్వాత పోసినవి పోసినట్టే కిందికి కారిపోయాయి. బాట పక్క మన్ను ఈ రెండింటికీ మధ్యస్తం.

ఎందుకట్లా అయిందో అప్పుడు నేను సరిగా చెప్పగలిగానని అనుకోను. తర్వాత చదివినదీ విన్నదీ ఆనాటి మాటల్లో కలిపేసుకుంటున్నానేమోనని నా జ్ఞాపకం మీద కూడా నాకు అనుమానమే. చెప్పింది మాత్రం ఇంతే అని గుర్తు: అడవిలో ఏటేటా ఆకు రాలుతుంది, కుళ్ళుతుంది, మన్నులో కలుస్తుంది, ఆ కుళ్ళే మన్నును వదులు చేసి నీళ్ళు పట్టి ఉంచుతుంది. మనం కాల్చినప్పుడు పై ఆకంతా ఒక్క పూటలో బూడిదయింది. చెట్లు ఎన్నేళ్ళుగానో దాచుకున్న సత్తువ ఆ బూడిదలోకి ఒక్కసారిగా దిగింది కాబట్టి మొదటి ఏడు పంట అట్లా వచ్చింది. మిగిలిన కుళ్ళును నాగలి తిరగేసి ఎండకు పెట్టింది, వాన కిందికి ఈడ్చింది. రాలడానికి చెట్టు లేదు. దంటు కూడా పశువులకే తెచ్చుకున్నాం. పోయేదే గాని వచ్చేది లేదు.

బాపు మర్నాడు పొద్దున్నే చెప్పులు చేతపట్టుకుని ఒక్కడే నడిచిపోయాడు, కోతలైన చేనుకు పట్టింపు లేదు గదా. బాట మీదినుంచి పై అంచుదాకా ఒట్టి కాళ్ళతో ఎక్కి, అక్కడ కూర్చుండిపోయాడట. అక్క నీళ్ళ చెంబు తీసుకుపోయి ఇస్తే తాగాడట. తిరిగొచ్చి, ప్రమాణం అక్కరలేదని బావకు కబురు పెట్టాడు.

ఇక కథ ముగిసిందని అందరమూ అనుకున్నాం. బావ ఒప్పుకోలేదు.

"నువ్వు ఇడిశినవ్ మామా, ఊరు ఇడువదు" అని చెప్పి పంపాడు. "నలుగుట్ల అన్న మాట నలుగుట్లనే కడుక్కోవాలె. అమ్మవారి పేరెత్తినంక పోకుంటె దొంగనని ఒప్పుకున్నట్టే."

అమావాస్యకు అందరమూ ఆలంపూరు పోయాం. బస్సులు మారి, రైలెక్కి, చివరికి బండి మాట్లాడుకుని. దారంతా మామా అల్లుళ్ళు ఎదురెదురుగా కూర్చుని రెండు దిక్కులకు చూశారు. తుంగభద్రలో ఆ మాఘం పొద్దున నీళ్ళు ఎముకలు కొరికేటట్టున్నాయి. బావ మునిగి లేచాడు. ఆ వెనకనే బాపు కూడా దిగి మునిగాడు. ఇద్దరూ తడి పంచెలతో, నీళ్ళు కారుతూ అమ్మవారి ముందర పక్కపక్కన నిలబడితే ప్రమాణం ఎవరిదో చూసేవాళ్ళకు తెలియలేదు. "ఒక్క గింజ దాసి ఉంటె నా కండ్లు పోను" అన్నాడు బావ, గట్టిగా. బాపు పెదవి విప్పలేదు. అల్లుడి అవమానాన్ని సగం పంచుకోవడానికి ఆయన మునిగాడా, లేక క్షేత్రానికి వచ్చిన ప్రతివాడూ చేసే స్నానమే చేశాడా? అమ్మ మొదటిదే అంటుంది. నాకు ఇప్పటికీ తేలలేదు.

అక్క పురుటికి మా ఇంటికే వచ్చింది. ఆ ఒక్క షరతు బావ సడలించాడు, అమ్మ పోయి కొంగు చాపి అడిగింది కాబట్టి. మగపిల్లవాడు పుట్టాడు. గింజ కొలతల్లో మాత్రం బావ ఆ తర్వాత ఎప్పుడూ మానిక ముట్టుకోలేదు. మామే వచ్చి కొలవాలి, తాను దూరంగా నిలబడాలి. ఆ ఎండాకాలం బాపు, ఎవరూ అడగకుండానే, మందను ఆ ఏటవాలుకు పంపాడు. బావ కాదనలేదు. ప్రతి రోజూ తెల్లారగానే మందకాపరిని నిలబెట్టి, గొర్లను ఒక్కొక్కటిగా దాటించి లెక్కపెట్టించి, ఇన్ని ఉన్నాయని వాడి నోటితో పైకి చెప్పించుకున్నాకే కదలనిచ్చేవాడట. బాపు ఈ సంగతి విని, మంచిదే, అట్లే ఉండాలె అన్నాడు. అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మంద తొక్కినా పై అంచు కోలుకోలేదు. రెండేళ్ళకు బావ పై సగాన్ని విడిచిపెట్టేశాడు. ముందు ముళ్ళకంప, తర్వాత తంగేడు, బోదగడ్డి, ఆ తర్వాత ఏవో చిన్న చెట్లు. నా పెళ్ళయ్యి నల్లగొండ దిక్కు వచ్చేశాక ఒకసారి పోయినప్పుడు, నవ్వుతూనే ఆ జాగా మన్ను ఒక మానిక, అడవి మన్ను ఒక మానిక తక్కెడలో వేశాను. మునుపటంత తేడా లేదు కాని తేడా ఉంది. ఆకు రాలుతోంది కాబట్టి మన్ను తేలికపడుతోంది, నెమ్మదిగా.

"ఇంక ఎన్నేండ్లకు అడివంత అయితది మరదలా?" అన్నాడు బావ.

"తెల్వదు బావా. రెండు తూకాలకు లెక్క అందదు."

"మీ బాపుకు నాకు నడుమ తేడ గూడ గంతే" అన్నాడు. అప్పటికి బాపు పోయి ఏడాది.

ఆ చెట్లు కూడా కొట్టేశారు, ఇప్పుడా ఏటవాలంతా పత్తి. పత్తికట్టె కొట్టి కాల్చడం ఏటేటా ఉన్నదే, బస్తాల ఎరువు ఉంది గనక మన్ను ఎంత బరువుందో ఎవరికీ అక్కరలేదు. ఎవరి చేను వాళ్ళది, ఎవరి కాంటా వాళ్ళది. అక్క కొడుకులిద్దరూ విడివిడిగా వేసుకుని విడివిడిగా అమ్ముకుంటారు. ఒకరినొకరు అనుమానించుకోవడం నేను వినలేదు. మంచిదే గదా అనుకుంటాను, అంతలోనే దాని మీదా నాకు నమ్మకం చాలదు. మేము అనుమానించుకున్నది ఒకే కుప్పలోంచి రెండిళ్ళ వాళ్ళం తిన్నందుకు; ఆ అనుమానం తీర్చుకోవడానికి చలినీళ్ళలో మునిగినదీ అందుకే. పంచుకునేది ఏమీ లేని ఇళ్ళ మధ్య అనుమానానికైనా చోటెక్కడిది?